లైబ్రరీలో 14 పుస్తకాలూ ఉన్నాయి, ఒక్కటీ చదవలేను: మెటీరియల్ ఖర్చు ఎవరు పెట్టాలి?

కొల్లేరుకొంగ
ఎంఏ చరిత్ర, మొదటి ఏడాది, కోస్తా వైపు ఒక రాష్ట్ర యూనివర్సిటీ. చూపు పూర్తిగా లేదు. సదరం సర్టిఫికెట్‌లో 100 శాతం, యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) ఉంది. నాలుగు పేపర్లకి సిలబస్‌లో ఇచ్చిన పుస్తకాలు 14. తొమ్మిది తెలుగు, ఐదు ఇంగ్లిష్, అన్నీ కలిపి 4,200 పేజీలు. అన్నీ లైబ్రరీలో దొరుకుతాయి, అన్నీ అచ్చు ప్రతులే.

లైబ్రరీ వాళ్ల మాట: "పుస్తకం ఇస్తాం, ఎవరి చేతన్నా చదివించుకో. స్కానింగ్ కుదరదు, కాపీరైట్ ఉంది, పది శాతం దాటకూడదు." బయట జిరాక్స్ షాపులో స్కాన్‌కి పేజీ 2 రూపాయలు, అంటే 8,400. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో పుస్తకాల భత్యం చూస్తే ఏడాదికి 1,500. అదీ ఎన్‌ఎస్‌పీ (జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్)లో ఇన్‌స్టిట్యూట్ దగ్గర పెండింగ్ అని నెలన్నరగా కదలడం లేదు.

పది శాతం మాట నిజమా? స్కాన్ ఖర్చు యూనివర్సిటీ చేత పెట్టించొచ్చా? పెండింగ్ ఎలా కదులుతుంది?

ముంజకాయ
ఆ "చదివించుకో" అన్నాయన్నే రోజుకో వంద పేజీలు చదవమనండి. నెలన్నర పడుతుంది. అప్పటికి మీ స్కాలర్‌షిప్ కూడా వచ్చేస్తుందేమో.

సెక్షన్‌పంతులు
పది శాతం లెక్క మన కాపీరైట్ చట్టంలో లేదు. మీకు కావలసింది సెక్షన్ 52(1)(జెడ్‌బీ), 2012 సవరణతో వచ్చింది. వైకల్యం ఉన్న మనిషికి అందేలా ఒక రచనని వాళ్లు చదవగలిగే రూపంలోకి ఎవరైనా మార్చొచ్చు, కాపీ తీయొచ్చు, ఇవ్వొచ్చు. సొంత వాడకం, చదువు, పరిశోధన, ఏదైనా సరే. పేజీల పరిమితి లేదు, ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదు, రాయల్టీ లేదు. సంస్థ చేస్తే మాత్రం రెండు షరతులు: లాభం తీసుకోకూడదు, తయారీ ఖర్చు వరకే వసూలు చేయాలి. ఆ కాపీ వైకల్యం ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి, మామూలు బజారులోకి పోకుండా జాగ్రత్త పడాలి.

అంధుల కోసం వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో ముందుగా ఆమోదించిన దేశం మనదే, 2014లో. ఆ దేశంలోని లైబ్రరీ గోడ మీద ఇంకా పది శాతం కాగితం వేలాడుతోంది.

పాతప్రతి
పంతులు గారు చెప్పిందే కాక 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసు తీర్పు కూడా ఉంది కదా, కోర్సు ప్యాకులు (పుస్తకాల భాగాల జిరాక్స్ కట్టలు) తీసుకోవచ్చని.

సెక్షన్‌పంతులు
ఉంది, కానీ ఇక్కడ అది తేవొద్దు. అది మామూలు విద్యార్థులకి బోధనలో భాగంగా ఇచ్చే కాపీల సంగతి, వేరే క్లాజు. దాన్ని తెస్తే లైబ్రేరియన్ "అది ఢిల్లీ, ఇది మనది" అని వాదనకి దిగుతారు. జెడ్‌బీ ఒక్కటే రాయండి. ఒక్క పేజీ ఉత్తరం, ఒక్క సెక్షన్.

ఎల్‌వన్_గుమాస్తా
పెండింగ్ గురించి. కాలేజీ లాగిన్‌లో రోజూ చూసే పని కాబట్టి చెబుతున్నా.

ఇన్‌స్టిట్యూట్ దగ్గర పెండింగ్ అంటే మొదటి స్థాయి వెరిఫికేషన్ కాలేదని. చేయాల్సింది మీ యూనివర్సిటీలో ఉన్న ఎన్‌ఎస్‌పీ నోడల్ అధికారి. ఆయన ఆధార్ ప్రామాణీకరణ పూర్తయి ఉండాలి. పాత అధికారి బదిలీ అయి కొత్తాయన పేరు పోర్టల్లో ఎక్కకపోతే మొత్తం బ్యాచ్ ఆగిపోతుంది. నూటికి సగం పెండింగులు ఈ రకమే. మీ ఒక్కరిదే ఆగిందా, అందరిదీ ఆగిందా అని ముందు కనుక్కోండి.

మీ ఒక్కరిదే అయితే ఇవి చూడండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా (ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా అన్నది కూడా చూస్తారు). ఆదాయ ధ్రువీకరణ ఈ స్కీముకి 2.5 లక్షల లోపు ఉందా, చెల్లుబాటులో ఉందా. యూడీఐడీ నంబరు సరిగ్గా పడిందా. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉందా. చాలామంది కేవైసీ చేయించి అదే అనుసంధానం అనుకుంటారు, రెండూ వేరు. డబ్బు మీరు అప్లికేషన్‌లో రాసిన ఖాతాకి కాదు, ఆధార్‌కి చివరగా తగిలించిన ఖాతాకి పోతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉన్న కేసులు బోలెడు.

ఒక్క హెచ్చరిక. "డిఫెక్టివ్" అని వస్తే మంచిదే, సరిదిద్ది మళ్లీ పంపొచ్చు. "రిజెక్టెడ్" అంటే ఆ ఏడాదికి అంతే. కాగితం తక్కువైతే రిజెక్ట్ కాదు, డిఫెక్టివ్ కొట్టమని నోడల్ అధికారికి ముందే చెప్పి ఉంచండి.

గోల్కొండ_గోలీసోడా
అన్నా రెండు స్కాలర్‌షిప్‌లు కొట్టేయొచ్చు కదా, సెంట్రల్ ఎన్‌ఎస్‌పీ ఒకటి, స్టేట్ ఈపాస్ ఒకటి. మా దిక్కు చానామంది రెంటికీ పెడ్తరు.

ఎల్‌వన్_గుమాస్తా
పెట్టడానికి పెడతారు, దొరికాక వెనక్కి కట్టమంటారు. కేంద్రం స్కీములో స్పష్టంగా ఉంది, ఇది తీసుకునేవాళ్లు ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. ఫీజు ఎక్కువున్న కోర్సు అయితే లెక్క వేసుకుని ఏదో ఒకటే ఎంచుకోవాలి. కేంద్రం పోస్ట్ మెట్రిక్‌లో పుస్తకాలకి 1,500, వైకల్య భత్యం రకాన్ని బట్టి ఏడాదికి 2,000 లేదా 4,000, ఇవి అదనం. దేశం మొత్తానికి 17,000 స్లాట్లు మాత్రమే అని కూడా గుర్తుంచుకోండి. రాష్ట్రానిది ఖాయమై ఉంటే దాన్ని వదులుకుని దీని వెంట పడటం ఒక్కోసారి నష్టం.

ఐఐటీ, ఎన్ఐటీ లాంటి నోటిఫై అయిన సంస్థల్లో ఉంటే "టాప్ క్లాస్" చూడండి. పుస్తకాలు, స్టేషనరీకే ఏడాదికి 5,000. చదివిపెట్టే రీడర్, తోడు వచ్చే ఎస్కార్ట్ లాంటి వాటికి నెలకి 2,000 వేరే. కంప్యూటర్‌కి ఒకసారి ఇచ్చేది కూడా ఉంది. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో లేకపోతే అది వర్తించదు.

కొల్లేరుకొంగ
ఎల్‌వన్ గారూ, అందరిదీ ఆగింది. నోడల్ అధికారి జూన్‌లో రిటైర్ అయ్యారట.

ముంజకాయ
చూశారా, పోర్టల్లో మాత్రం ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నారు.

ఎల్‌వన్_గుమాస్తా
అయితే రిజిస్ట్రార్‌కి రాయండి, నోడల్ అధికారి మార్పు ఫారం జిల్లా సంక్షేమ అధికారి ద్వారా వెళ్లాలి. కొత్తాయన పేరు ఎక్కాక మీ బ్యాచ్ మొత్తం కదులుతుంది. మీ ఒక్కరి దరఖాస్తుగా కాకుండా పది మంది సంతకాలతో ఇవ్వండి. గడువు పొడిగింపు ఉందేమో ఎన్‌ఎస్‌పీ మొదటి పేజీలోనే ఉంటుంది, ఎవరి మాటా నమ్మొద్దు.

సెక్షన్‌పంతులు
ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సెక్షన్ 17(జీ) చూపించి "పుస్తకాలు ఉచితంగా ఇవ్వాలని ఉంది" అని చాలామంది రాస్తారు. ఆ వాక్యం చివరిదాకా చదవరు. పద్దెనిమిదేళ్లు నిండే దాకా అని ఉంది. ఎంఏ విద్యార్థి అది రాస్తే యూనివర్సిటీ లాయరు ఒక్క లైన్లో కొట్టేస్తాడు.

మీకు పట్టు ఇచ్చేది సెక్షన్ 16. ప్రభుత్వం నిధులిచ్చే లేదా గుర్తించిన ప్రతి విద్యాసంస్థా విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన వెసులుబాటు కల్పించాలి. దానికి వయసు గీత లేదు. సెక్షన్ 3(5) కూడా జోడించండి, అదీ ఈ వెసులుబాటు గురించే. డబ్బు అడగొద్దు, పుస్తకం చదవగలిగే రూపంలో అడగండి. 8,400 ఇమ్మంటే "బడ్జెట్ లేదు" అని ఒక్క మాట. వెసులుబాటు అడిగితే కుదరదని రాతపూర్వకంగా చెప్పడానికి ఎవరూ ముందుకి రారు.

గవర్రాజు_గారి_మనవడు
సెక్షన్ 23 కింద గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి కదా ప్రతి ప్రభుత్వ సంస్థలో? రెండు వారాల్లో విచారించాలి. ఆయనకి ఫిర్యాదు పెడితే సరి.

సెక్షన్‌పంతులు
అది ఉద్యోగుల కోసం. సెక్షన్ 20 ఉల్లంఘన మీద ఫిర్యాదులకి పెట్టిన అధికారి, సెక్షన్ 20 అంతా ఉద్యోగాల గురించే. విద్యార్థి దారి రాష్ట్ర వికలాంగుల కమిషనర్, సెక్షన్ 80. ఆయనకి సాక్షుల్ని పిలిపించడం, పత్రాలు తెప్పించుకోవడంలో సివిల్ కోర్టు అధికారాలుంటాయి. సిఫార్సు చేస్తే సంస్థ మూడు నెలల్లోగా ఏం చేసిందో చెప్పాలి. కానీ అది చివరి మెట్టు, ముందు లైబ్రరీ, తర్వాత రిజిస్ట్రార్. అందిన రసీదులు జాగ్రత్త.

గవర్రాజు_గారి_మనవడు
ఓకే, అది నాకు పొరపాటే. చాలా సంస్థల బోర్డు మీద విద్యార్థులకీ ఆయన పేరే రాసి ఉంటుంది, అందుకే.

పుస్తకాల_పార్వతి
లైబ్రరీ వైపు నుంచి ఒక మాట. లైబ్రేరియన్‌కి భయం చట్టం గురించి కాదు, ఆడిట్ గురించి. స్కాన్ చేసిన ఫైలు వాట్సాప్‌లో తిరిగితే అడిగేది ఆయన్నే. ఆ భయం తీర్చేలా ఉత్తరం రాస్తే పని తేలిక. ఇవి ఉంచండి:

మీ పేరు, కోర్సు, లైబ్రరీ కార్డు నంబరు, యూడీఐడీ నంబరు. పుస్తకాల జాబితా యాక్సెషన్ నంబర్లతో (పుస్తకం మీద లైబ్రరీ వేసే నంబరు) సహా. ఏ రూపంలో కావాలో: "స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్ వర్డ్ ఫైలు లేదా ఈపబ్." (స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్, ఈపబ్ అంటే ఈ-పుస్తకం ఫైలు.) వట్టి "సాఫ్ట్ కాపీ" అని రాస్తే ఫొటోల పీడీఎఫ్ ఇచ్చి చేతులు దులిపేసుకుంటారు. ఏ పుస్తకం ఎప్పటికి కావాలో వరుస. చివర హామీ: సొంత చదువుకే వాడతాను, ఎవరికీ పంపను.

ఫైలు ఇచ్చేటప్పుడు మొదటి పేజీలో "52(1)(జెడ్‌బీ) కింద ఫలానా కార్డు నంబరు కోసం" అని పెట్టి, ఒక రిజిస్టరులో ఎక్కించుకోమనండి. ఆడిట్‌కి అది చాలు. తయారైన ఫైలు లైబ్రరీలోనే దాచి ఉంచాలి, వచ్చే ఏడాది ఇంకొకరికి పనికొస్తుంది. ప్రతి ఏడాదీ అదే పుస్తకాన్ని కొత్తగా స్కాన్ చేయడం చూస్తే కడుపు మండుతుంది.

ఒత్తులదొర
ఇక అసలు పని. 4,200 పేజీలూ చేయకండి. ముందు సుగమ్య పుస్తకాలయంలో వెతకండి. 2016లో కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా (అచ్చు చదవలేనివాళ్లకి పుస్తకాలు అందించే సంస్థల కూటమి), టీసీఎస్ కలిసి పెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ. డైసీ ఫోరంలో సభ్యత్వం ఉన్న సంస్థ ఏదో ఒకదాంట్లో వైకల్య పత్రంతో చేరాలి, లాగిన్ వాళ్ల ద్వారానే వస్తుంది. మీ ఐదు ఇంగ్లిష్ పుస్తకాల్లో రెండు మూడైనా అక్కడ దొరకొచ్చు. తెలుగువి తక్కువ, ఆశ పెట్టుకోవద్దు. పాత తెలుగు పుస్తకాలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఉంటాయి, అవి బొమ్మలే కానీ కనీసం స్కానింగ్ తప్పుతుంది.

మిగిలినవాటికి ప్రచురణకర్తనే ఫైలు అడగండి. లైబ్రరీ లెటర్‌హెడ్ మీద మెయిల్ వెళ్తే ఇచ్చేవాళ్లున్నారు. ఇక్కడే తెలుగు వాళ్ల ప్రత్యేక గోల మొదలవుతుంది: అను ఫాంట్లు.

కొల్లేరుకొంగ
అదే చెప్పబోతున్నా. ఒక పుస్తకం పీడీఎఫ్ దొరికింది. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్లు చదువుతోంది.

ఒత్తులదొర
అదే అను. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, పైన తెలుగు ముసుగు. కంటికి తెలుగు, స్క్రీన్ రీడర్‌కి గోల. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి: తెలుగులో పడితే యూనికోడ్, పిచ్చి గీతలు పడితే అను లాంటి పాత ఫాంటు, ఏమీ పడకపోతే బొమ్మ. మూడింటికీ మూడు దారులు.

యూనికోడ్ అయితే అలాగే వాడుకోండి. అను అయితే మార్పిడి టూళ్లున్నాయి, కానీ అను 6కీ 7కీ అక్షరాల పట్టిక ఒకటి కాదు, తప్పు వెర్షన్ ఎంచుకుంటే ఒత్తులన్నీ చెల్లాచెదురు. పీడీఎఫ్ నుంచి కాకుండా పేజ్‌మేకర్ (పుస్తకం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు నుంచి తీస్తే మెరుగు. పీడీఎఫ్ మాత్రమే ఉంటే నా సలహా, మార్పిడి మానేసి దాన్ని బొమ్మగా చూసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చడం) చేయండి. వినడానికి వింతగా ఉంటుంది, ఫలితం మాత్రం శుభ్రంగా వస్తుంది.

పాతప్రతి
ఒప్పుకోను. అచ్చు సైజు చిన్నదైతే ఓసీఆర్‌లో ధ, థ, ద మూడూ కలిసిపోతాయి. మార్పిడిలో తప్పు వస్తే ప్రతిచోటా అదే తప్పు వస్తుంది, ఫైండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకి పోతుంది. ఓసీఆర్ తప్పులకి వరస ఉండదు, ఒక్కోచోట ఒక్కోటి.

ఒత్తులదొర
అది నిజమే, ప్రచురణకర్త దగ్గరి అసలు ఫైలు ఉన్నప్పుడు. పీడీఎఫ్‌లో అక్షరం, గుడి, ఒత్తు వేరువేరు ముక్కలుగా తారుమారై ఉంటాయి, అక్కడ తప్పులకీ వరస ఉండదు. రెండు పేజీలు రెండు పద్ధతుల్లోనూ చేసి చూసి నిర్ణయించుకోండి. పావుగంట పని.

నోట్‌ప్యాడ్_నూకాలు
స్కానింగ్ లెక్క. పుస్తకం తెరిచి రెండు పేజీలూ ఒక్క షాట్‌లో తీస్తే 4,200కి 2,100 షాట్లు. 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), గ్రే. పూర్తి నలుపు తెలుపు వద్దు, సన్నని తలకట్లు, సున్నాలు ఎగిరిపోతాయి. జిరాక్స్ షాపులు ఫైలు సైజు తగ్గించాలని 150కి దించుతారు, 2 రూపాయలిచ్చి పనికిరాని ఫైలు కొనుక్కున్నట్టు. షాపులోనే చేయించాలంటే 300 గ్రే అని కాగితం మీద రాసివ్వండి, మొదటి ఐదు పేజీలు ఓసీఆర్ చేసి చూశాకే మిగతావి.

బైండింగ్ మధ్య నీడ పడకుండా పుస్తకం మీద గాజు పలక పెట్టండి. తర్వాత రెండు పేజీల్ని విడగొట్టి, వంకర సరిచేసి, అంచులు కత్తిరించి అప్పుడు ఓసీఆర్. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు డేటా వేరేగా దించుకోవాలి, భాషలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఇవ్వాలి. లేకపోతే పేజీలోని తేదీలు, ఇంగ్లిష్ పేర్లు తెలుగు అక్షరాలుగా మారి వస్తాయి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిచినా ఓసీఆర్ అవుతుంది, తెలుగు బాగానే పడుతుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, అందుకని చిన్న ముక్కలు చేయండి.

పుస్తకాల_పార్వతి
దిద్దుబాటు సంగతి చెప్పలేదు నూకాలూ. డబ్బుకన్నా ఎక్కువ టైమ్ తినేది అదే. తెలుగు ఓసీఆర్‌ని అచ్చుతో పోల్చి దిద్దితే గంటకి 12 పేజీలు, అంతే. తెలుగు భాగం 2,700 పేజీలనుకుంటే 225 గంటలు.

నోట్‌ప్యాడ్_నూకాలు
అందుకే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం). వాలంటీర్ ఏడాదికి 120 గంటలు చూపించాలి. పదిమందికి పంచితే ఒక్కొక్కరికి ఇరవై రెండున్నర గంటలు. ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడి ఈ పనిని ఆ గంటల్లో లెక్క వేయించండి. క్యాంపస్‌లో చీపురు పట్టి ఫొటో దిగేకన్నా నయం.

ముంజకాయ
చీపురు ఫొటో లేకపోతే రిపోర్టు పంపేదెలా?

నోట్‌ప్యాడ్_నూకాలు
దిద్దిన పేజీల ఫొటో పెట్టుకోమను.

ఒత్తులదొర
దిద్దేవాళ్లకి రెండు నియమాలు చాలు. అధ్యాయం పేరుకి హెడింగ్ 1, ఉపశీర్షికకి హెడింగ్ 2 స్టైల్ వేయాలి. అక్షరం పెద్దది చేసి బోల్డ్ కొడితే స్క్రీన్ రీడర్‌కి అది శీర్షిక కాదు, ఎగిరి దూకడం కుదరదు. రెండోది, అచ్చు పేజీ నంబరు ప్రతి పేజీ మొదట్లో ఉంచాలి. ఎంఏ వ్యాసంలో ఫుట్‌నోట్ ఇవ్వాలంటే పేజీ నంబరు లేకుండా ఎలా ఇస్తారు? చాలామంది శుభ్రం చేస్తున్నామని అవే తీసేస్తారు. ఫుట్‌నోట్లు వాక్యం మధ్యలోకి చొరబడకుండా అధ్యాయం చివరికి తోయండి. పట్టికల్ని బొమ్మగా అతికించొద్దు, వర్డ్ పట్టికే వేయండి.

వర్డ్ ఫైలు సరిగ్గా ఉంటే డైసీ కన్సార్టియం వాళ్ల వర్డ్‌టుఈపబ్ ఉచితంగా ఈపబ్ చేస్తుంది. కంప్యూటర్లో థోరియం రీడర్‌తో, ఫోన్‌లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్)తో వినొచ్చు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రేకు డబ్బా మోగినట్టుంటుంది కానీ వేగం పెంచినా మాట పోదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ గొంతు మెత్తగా ఉంటుంది.

చుక్కలసార్
ఎవరూ బ్రెయిలీ మాటెత్తలేదు. అంతా వినడమేనా? వినడంలో అక్షరక్రమం రాదు.

ఒత్తులదొర
సార్, 4,200 పేజీలు బ్రెయిలీలో ఎంతవుతాయో మీరే చెప్పండి.

చుక్కలసార్
అచ్చు పేజీకి బ్రెయిలీలో సుమారు రెండున్నర పేజీలు వేసుకుంటే 10,500 పేజీలు. రెండు వైపులా కొట్టినా 5,250 కాగితాలు. పదకొండు బై పదకొండున్నర అంగుళాల 140 జీఎస్ఎం కాగితం ఒక్కోటి పదకొండు గ్రాముల పైనే, అంటే 60 కిలోలు. అందుకే మొత్తం కొట్టించమనను. ప్రశ్నపత్రాల నమూనాలు, కాలక్రమ పట్టికలు, పేర్లూ శాసనాల పదజాలం, ఇవి బ్రెయిలీలో ఉండాలి. ఇరవై గళ్ల ఆర్బిట్ రీడర్ (చుక్కలు పైకి లేచే బ్రెయిలీ తెర) లాంటిది ఒకటి లైబ్రరీ కొంటే ఆ ఈపబ్ ఫైళ్లే బీఆర్‌ఎఫ్ అనే బ్రెయిలీ ఫైలుగా మార్చి వేళ్లతో చదువుకోవచ్చు. తెలుగు బ్రెయిలీ మార్పిడికి లిబ్‌లూయిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పట్టిక ఉంది. మార్చాక ఒక పేజీ తెలిసినవాళ్ల చేత చదివించాకే ఎంబాసర్ (బ్రెయిలీ ప్రింటర్)కి పంపాలి. కాగితం దండగ.

ఇంకోటి, జనం మరిచిపోయేది. అంధుల సాహిత్యం పోస్టులో 7 కిలోల దాకా ప్యాకెట్‌కి తపాలా ఖర్చు లేదు. పైన "అంధుల సాహిత్యం" అని స్పష్టంగా రాయాలి, తెరిచి చూడటానికి వీలుగా కట్టాలి. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి వైకల్య సంస్థ నుంచి వచ్చే బ్రెయిలీ పుస్తకాలు ఇలాగే తెప్పించుకోవచ్చు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు కొత్తవాళ్లైతే బిల్లు కొట్టబోతారు, పోస్ట్‌మాస్టర్‌ని అడగమనండి.

మూడోఅంతస్తు
చూపు ఒక్కటే కాదు కదా. వీల్‌చైర్ వాళ్లకి పుస్తకం చదవగలిగేదే, చేరుకోవడమే కష్టం. ర్యాంపు ఉందంటారు, వాలు చూస్తే జారుడుబల్ల. ఉండాల్సిన వాలు 1:12, అంటే రెండడుగుల ఎత్తుకి ఇరవై నాలుగు అడుగుల పొడవు. టేప్ పెట్టి కొలిచి ఫొటో తీసి రాస్తే "ర్యాంపు ఉంది కదా" అనే జవాబు రాదు. స్టాక్ రూం పైన ఉండి లిఫ్ట్ లేకపోతే ర్యాంపు అడిగి లాభం లేదు, పుస్తకం కౌంటర్‌కి తెచ్చివ్వడం అడగాలి. వారానికోసారి జాబితా మెయిల్ చేస్తే కింద తీసి పెట్టి ఉంచడం, ఇంకొకరి చేత తెప్పించుకోవడానికి అధికార పత్రం, గడువు రెట్టింపు. ఈ మూడింటికీ రూపాయి ఖర్చు లేదు, సర్క్యులర్ ఒక్కటి చాలు.

చెవిలోజోరీగ
వినికిడి లేనివాళ్లకి లైబ్రరీతో ఇబ్బంది ఏముందిలే అనుకుంటారు. ఇప్పుడు సగం మెటీరియల్ వీడియో పాఠాలే. క్యాప్షన్లు లేని వీడియో మాకు మూగ సినిమా. లెక్చరర్ దగ్గర స్లైడ్లు, నోట్సు క్లాసుకి ముందు రోజే అడగండి. ఆటోమేటిక్ క్యాప్షన్లు తెలుగు ఇంగ్లిష్ కలగలుపు మాటల్ని చిత్రవధ చేస్తాయి. రాతప్రతి అడగడమే మేలు.

కంచుకాగడా
ఎవరూ చెప్పని ఒక కిటుకు. మీ యూనివర్సిటీ నాక్ (విద్యాసంస్థలకి గ్రేడులిచ్చే సంస్థ) కోసం పెట్టిన స్వీయ అధ్యయన నివేదిక వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో 7.1.7 చూడండి. వికలాంగులకి అనువైన క్యాంపస్ గురించి, అందులో చదివే మెటీరియల్ సాఫ్ట్ కాపీలు, రీడర్, స్క్రైబ్ (పరీక్ష రాసిపెట్టే మనిషి), స్క్రీన్ రీడింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ జాబితాలో ఉంటాయి. చాలా సంస్థలు అన్నిటికీ టిక్కు కొట్టేసి ఉంటాయి. టిక్కు ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి మీ ఉత్తరానికి జత చేయండి: "ఫలానా నివేదికలో సాఫ్ట్ కాపీలు ఇస్తున్నట్టు తెలిపారు, కాబట్టి ఈ 14 పుస్తకాలకి ఇప్పించగలరు." అంతే, ఇంకో మాట రాయొద్దు.

గోల్కొండ_గోలీసోడా
అబ్బ, ఇది మాత్రం మస్తుంది.

సెక్షన్‌పంతులు
కంచుకాగడా గారిది నా సెక్షన్లకన్నా పదును. దీనికి తోడు సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయలు. మూడు ప్రశ్నలు చాలు: గత మూడేళ్లలో చదవగలిగే రూపంలోకి మార్చిన పుస్తకాల సంఖ్య, స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్లు ఎన్ని, లైబ్రరీ ఫీజు కింద వసూలైన మొత్తం, ఖర్చు. మీరు కూడా లైబ్రరీ ఫీజు కట్టారు, దాన్నుంచి మీకు అందింది ఎంత అన్నది కాగితం మీద కనిపించాలి. యూజీసీ 2022లో ఇచ్చిన అందుబాటు మార్గదర్శకాల పేరు కూడా ఒక లైన్లో రాయండి.

పుస్తకాల_పార్వతి
మొదటి రోజే సమాచార హక్కు వేయకండి. ఉత్తరం ఇచ్చి పదిహేను రోజులు ఆగండి. ముందే వేస్తే లైబ్రరీలో సాయం చేయాలనుకున్న ఒక్కరు కూడా పక్కకి తప్పుకుంటారు.

సెక్షన్‌పంతులు
పదిహేను అంటే పదిహేనే అయితే సరే. సెమిస్టర్ ఉండేదే నాలుగైదు నెలలు.

కంచుకాగడా
జర్నల్ వ్యాసాల సంగతి కూడా. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (కేంద్రమే జర్నళ్లకి చందా కట్టే పథకం) నడుస్తోంది. 30 ప్రచురణ సంస్థలు, 13,000 పైచిలుకు జర్నళ్లు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే మీకు అర్హత ఉంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీల్ని కలిపే కేంద్ర సంస్థ) వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్ లైబ్రరీ ఇప్పిస్తే హాస్టల్ గదిలోంచి చూడొచ్చు, లైబ్రరీ దాకా పోనక్కర్లేదు. పీడీఎఫ్ బదులు హెచ్‌టీఎంఎల్ రూపం ఉంటే అదే తెరవండి, రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌ని స్క్రీన్ రీడర్ అడ్డంగా చదివి కలగాపులగం చేస్తుంది.

గవర్రాజు_గారి_మనవడు
లాప్‌టాప్ లేనివాళ్ల సంగతి? ఎన్‌వీడీఏ ఉచితమే, నడపడానికి యంత్రం కావాలిగా.

ఎల్‌వన్_గుమాస్తా
మూడు చోట్ల అడగొచ్చు. వైకల్యం ఉన్నవాళ్లకి పరికరాలిచ్చే కేంద్రం ఏడీఐపీ స్కీము, కుటుంబ ఆదాయం నెలకి 22,500 లోపు అయితే పూర్తి ఉచితం, అలిమ్‌కో (ఆ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) క్యాంపులు పెట్టినప్పుడు పేరు నమోదు చేయించుకోవాలి. ఏపీలో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహాయ సంస్థ. తెలంగాణలో వికలాంగుల సహకార సంస్థ, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. రెండు చోట్లా నోటిఫికేషన్ వచ్చిన కొద్ది రోజులే గడువు. బోనఫైడ్, ఆదాయ ధ్రువీకరణ, సదరం లేదా యూడీఐడీ, పదో తరగతి మెమో ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. గతంలో ఏదైనా పరికరం తీసుకుని ఉంటే దాచొద్దు, ఆధార్‌తో బయటపడుతుంది.

మూడోఅంతస్తు
డిస్‌లెక్సియా వాళ్లూ, చేతులతో పుస్తకం పట్టుకోలేనివాళ్లూ కూడా సుగమ్యలో చేరొచ్చు. అది చూపు లేనివాళ్లకే అనుకుని చాలామంది అటు పోరు.

కొల్లేరుకొంగ
ఉత్తరం ఇచ్చాను. పార్వతి గారి పద్ధతిలో యాక్సెషన్ నంబర్లు, కంచుకాగడా గారి 7.1.7 పేజీ, పంతులు గారి ఒక్క సెక్షన్. మా యూనివర్సిటీ నివేదికలో నిజంగానే టిక్కు ఉంది. డిప్యూటీ లైబ్రేరియన్ చదివి, "స్కానర్ ఉంది, దిద్దే మనుషులు లేరు" అన్నారు. కాపీరైట్ మాట ఎత్తలేదు.

నోట్‌ప్యాడ్_నూకాలు
చాలు. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ పేరు పట్టుకుని ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టండి. మొదటి విడతకి నవంబరు పరీక్షల పేపర్లవి నాలుగు పుస్తకాలు పెట్టండి, 14 కాదు.

పుస్తకాల_పార్వతి
ఆ నాలుగింటిలోనూ సిలబస్ యూనిట్లకి తగిన అధ్యాయాలే ముందు. లెక్చరర్ చేత అధ్యాయాల నంబర్లు టిక్కు పెట్టించుకోండి. సాధారణంగా పుస్తకంలో మూడో వంతు కూడా ఉండవు.

కొల్లేరుకొంగ
స్కానర్ ఎన్ని డీపీఐ అని అడిగితే "కలర్‌లో వస్తుంది" అన్నారు.

నోట్‌ప్యాడ్_నూకాలు
సెట్టింగ్స్‌లో 300, గ్రే. మీతో ఒకర్ని తీసుకెళ్లి మొదటి రోజు పక్కనే నిలబెట్టండి.